లాస్ కిలాస్ బడిలో ఒక హాచె

లాస్ కిలాస్,
24 సెప్టెంబర్ 1927

ప్రియమైన ఒనోఫ్రె అన్నయ్యా,

నీ క్షేమం అడక్కుండానే మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. ఇది చదివాక ఎవరికీ చూపించకు, వదినకు కూడా. నా మీద ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. నాకు కాదు, తాల్కాలో ఉన్న బడుల ఇన్‌స్పెక్టర్‌కి. ఆయన దాన్ని ఒక నోటీసులో మడిచి నాకే పంపాడు. నవంబర్ ఇరవై నాలుగున తనిఖీకి వస్తాడట, అప్పటికి సంజాయిషీ సిద్ధంగా ఉండాలట. నోటీసు చేతిలో పట్టుకుని బడి వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పిల్లలు గంట కొట్టమని అరుస్తుంటే గాని తెలివి రాలేదు.

ఆ ఉత్తరాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తిరాసి దీనితో జతచేస్తున్నాను. పద్దెనిమిదేళ్లుగా అచ్చక్షరాలు పేరుస్తున్నవాడివి, రాతను బట్టి మనిషిని పోల్చగలవు. అందులో ఉన్నది ఇంతే: "అయ్యా, మా బడి టీచరు సెన్యోరీత చెడ్డ మనిషి కాదు. కాని ఒక్క అక్షరం కోసం ఇంకా పిల్లల మెడలో పలక వేలాడదీస్తుంది. గంట కొట్టేదాకా ముంగిట్లో నిలబెడుతుంది. ఆ పిల్లలు ఇంటికొచ్చి మాట్లాడరు. ఆమెను గెంటేయండి. లేకపోతే ఆమెలోంచి ఆ కోపాన్నైనా గెంటేయండి." సంతకం లేదు. మొత్తం పెద్దక్షరాలే, ఊదా రంగు సిరా. చేతిరాత దొరక్కుండా ఉండేందుకే పెద్దక్షరాలు వాడారన్నది తెలుస్తూనే ఉంది కదా. "చెడ్డ మనిషి కాదు" అనడం చూడు, ఎంత జిత్తులమారితనమో! ముందు వెన్న రాసి తరవాత కత్తి దింపడం.

అవును, పలక వేలాడదీస్తాను. తప్పు రాసిన మాటను దాని మీద రాసి మెడలో వేస్తాను. త్రాన్సితో అత్తయ్య మనకు చేసింది అదే కదా? మనం చెడిపోయామా?

కాలం కూడా అలాగే వచ్చింది. అక్టోబర్ పన్నెండు నుంచి దేశమంతా స్పెయిన్ అకాడమీ వాళ్ల స్పెల్లింగే రాయాలని ఉత్తర్వు. పంతొమ్మిదేళ్లుగా 'హెంతె' అన్న మాటను, అదే జనం అన్న మాటను, హోత అక్షరంతో రాయించాను. చెవికి ఎలా వినిపిస్తే అలా రాయడం మన చిలీ పద్ధతి అని గర్వంగా చెప్పాను. ఇప్పుడు దాన్ని అదే పలుకున్న మరో అక్షరం 'హె'తో రాయాలట. మాటకూ మాటకూ మధ్య 'మరియు' అనడానికి పెట్టే చిన్న 'ఇ' ఉందే, దాన్నీ తీసేసి తోక ఉన్న గ్రీకు ఇ పెట్టాలట. మీ ప్రెస్సులో ఆ తోక ఇ అచ్చులు చాలక పక్క ప్రెస్సు నుంచి అరువు తెచ్చుకుంటున్నారని నువ్వు రాస్తే నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇదే అదనుగా పాతవాళ్లను ఊడ్చేస్తారని అందరూ అనుకుంటున్నారు. నాకు నార్మల్ స్కూల్లో టీచరు చదువు చదివిన సర్టిఫికెట్ లేదన్నది నీకూ నాకూ తెలుసు. అత్తయ్య పోయాక ఆవిడ కుర్చీలో కూర్చున్నదాన్ని, ఎవరూ లేవమనలేదు, కూర్చుండిపోయాను. ఇన్నేళ్లలో ఆ సంగతి ఒక్కరితోనూ అనలేదు.

ఈ పని ఇస్మేనియాదే అని నా అనుమానం. మార్చిలో నాకు సహాయంగా వేశారు చూడు, నార్మల్ స్కూల్లో చదివిన పిల్ల. ఇరవై రెండేళ్లు, కొత్త బూట్లు, మాట మెత్తన. ఆగస్టులో మెలానియా మెడలో పలక వేస్తుంటే వచ్చి చెవిలో, "సెన్యోరీతా, ఆ మాట గురించి మీతో ఒకటి చెప్పాలి," అంది. "బడి అయ్యాక చెప్పు," అన్నాను. బడి అయ్యాక నేనే వెళ్లిపోయాను. నా కుర్చీ మీద కన్ను లేకపోతే పిల్లల ముందు నన్ను ఆపుతుందా?

మెలానియా అంటే నేను గది అద్దెకుంటున్న దోన్యా ఊర్సులా మనవరాలు. తొమ్మిదేళ్లది. ఆ రోజు నుంచీ నాతో పాటు బల్ల దగ్గర కూర్చోదు, కంచం పట్టుకుని వంటింట్లోకి పోతుంది. పిల్లచేష్టలు. దోన్యా ఊర్సులా మాత్రం ఎప్పటిలాగే నా గిన్నెలో చిక్కుళ్లు మరో గరిటె ఎక్కువే వేస్తుంది. ఈ ఊళ్లో నేను నమ్మగలిగిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే కాబోలు, ఆమెకు కూడా ఈ ఉత్తరం సంగతి చెప్పలేదు.

త్వరగా జవాబు రాయి.

నిద్ర కరువైన నీ చెల్లెలు,
ఎదెల్మిరా


లాస్ కిలాస్,
25 అక్టోబర్ 1927

ఒనోఫ్రె అన్నయ్యా,

నెల దాటింది, నీ దగ్గర్నుంచి చీటీ ముక్క రాలేదు. పాఠ్యపుస్తకాలన్నీ కొత్త స్పెల్లింగులో మళ్లీ పేర్చాలి కాబట్టి నీకు తల తిప్పే తీరిక ఉండదని తెలుసు. అయినా దొంగ ఎవరో నేనే పట్టుకున్నాను, విను.

ముందు ఇస్మేనియాను వదిలిపెట్టాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ ఉత్తరంలో 'ఎచార్' అన్న మాట రెండుసార్లు వస్తుంది. గెంటడానికీ పోయడానికీ విసరడానికీ మన దగ్గర అదొక్క మాటే కదా. రెండుసార్లూ దాని ముందు హాచె అన్న అక్షరం ఉంది. నోట పలకని అక్షరాన్ని మర్చిపోకుండా పెట్టారంటే ఎక్కడో బాగా నేర్చుకున్న మనిషే. ఇస్మేనియా నల్లబల్ల మీద ఆ మాట రాస్తుంటే వెనక నిలబడి చూశాను. హాచె పెట్టలేదు! నార్మల్ స్కూలు చదువు అంతే మరి. పిల్లల ముందే నేను లేచి హాచె చేర్చాను. ఆ పిల్ల ఎర్రబడిపోయి ఏదో అనబోయింది. "కూర్చో," అన్నాను. కూర్చుంది.

తరవాత పాదరీ గారిని అనుమానించాను. ఆయన స్పెయిన్ నుంచి వచ్చినవాడు, నా ముఖం చూస్తేనే ఆయనకు వేపకాయ కొరికినట్టు ఉంటుంది. గుడి తలుపు మీద నోటీసు అంటించాడు, "ముంగిట్లో చెత్త వేయరాదు" అని. అందులోనూ హాచె లేదు. పాపం, గుడి నడిపే మనిషికి ఆ పాటి అక్షరం రాదు. ఆయన్నీ కొట్టేశాను.

అంటే రాసింది నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఆ ఆలోచన వచ్చింది చూడు, అన్నయ్యా. అప్పట్నుంచి వీధిలో నడుస్తుంటే నమస్కరించిన ప్రతి మనిషినీ 'నువ్వేనా?' అని లోపల్లోపల అడుగుతూనే ఉన్నాను. రొట్టెలవాడు చిల్లర ఇస్తూ నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఇంటిదాకా ఆలోచించాను.

చివరికి ఒక ఉపాయం పన్నాను. కొత్త ఉత్తర్వు ప్రకారం పెద్దవాళ్లకు కూడా కొత్త స్పెల్లింగు నేర్పుతానని, ఆదివారం పూజ అయ్యాక బడికి రమ్మని చాటించాను. పదిహేడు మంది వచ్చారు. దోన్యా ఊర్సులా రాలేదు, "నాకెందుకమ్మా, పొయ్యి మీద కూర ఉంది," అంది. ఆమెకు మూడేళ్ల కిందట నేనే పెద్దక్షరాలు నేర్పాను, ఆ పైన ముందుకు పోలేదు. వచ్చినవాళ్లకు డిక్టేషన్ చెప్పాను. ఆ ఉత్తరంలోని మాటలన్నీ అటూ ఇటూ చేసి వాక్యాల్లో ఇరికించాను. "ఎద్దు నీళ్లు ఒలకబోసింది, ఇంకా కోపం పోలేదు" లాంటివి. జనం నవ్వుతూ రాశారు. నేను మాత్రం వాళ్ల కలాల కొసలు చూస్తున్నాను.

పదిహేడు కాగితాల్లో పద్నాలుగింట హాచె ఉంది. ఊరంతా కలిసి రాసిందా అనుకున్నాను. కాని ఒక్క కాగితం మాత్రం మొత్తం పెద్దక్షరాల్లో ఉంది. అందులో 'తోదవీయా', అంటే 'ఇంకా' అన్న మాటలో, పొట్టి వె రాయాల్సిన చోట, పలకడంలో తేడా లేని పొడుగు బె ఉంది. ఆకాశరామన్న కూడా అక్కడ అదే రాశాడు. కాగితం ఎవరిదనుకున్నావు? తపాలా ఆఫీసు క్లోరిందాది! టెలిగ్రాములు పెద్దక్షరాల్లో రాయడం దానికి అలవాటు. దాని బల్ల మీది సిరా ఊదా రంగే.

నిన్న పొద్దున తపాలా ఆఫీసుకు వెళ్లాను. వరసలో నలుగురున్నారు. నేను ఆగలేదు. "క్లోరిందా, నా మీద ఇన్‌స్పెక్టర్‌కు రాసింది నువ్వే కదూ?" అన్నాను.

అది ముద్ర వేస్తున్న చెయ్యి ఆపింది. "ఏం రాశానండీ?"

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకు. నీ కాగితం, నీ సిరా, నీ పొడుగు బె అన్నీ చెబుతున్నాయి."

"సెన్యోరీతా," అంది అది, గొంతు పెంచకుండా. "నాకు ఎనిమిదేళ్లప్పుడు మీరు నా మెడలో పలక వేశారు. వానలో నిలబెట్టారు. మా నాన్న నన్ను తీసుకుపోవడానికి వచ్చి, మీ ముందు టోపీ తీసి, క్షమించమని అడిగి, నన్ను అక్కడే వదిలి వెళ్లిపోయాడు. అది నేను మర్చిపోలేదు. రాయాలనుకుంటే పదేళ్ల కిందటే రాసేదాన్ని. కింద నా పేరు పెట్టేదాన్ని, ఇంటిపేరుతో సహా."

వరసలో ఉన్న ముసలాయన ఎవరో "అదీ మాట!" అన్నాడు. నేను బయటికి వచ్చేశాను. దొంగకు నోరెక్కువ అంటారు, నిజమే.

అయినా ఒక మాట చెప్పనా? అది టోపీ గురించి చెప్పినప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నీ ఎదెల్మిరా


లాస్ కిలాస్,
6 నవంబర్ 1927

అన్నయ్యా,

నీ కవరు నిన్న అందింది. క్లోరిందానే తెచ్చి ఇచ్చింది, నా ముఖం వైపు చూడకుండా గడప మీద పెట్టి పోయింది.

నేను పంపిన ఆకాశరామన్న నకలు మీద నువ్వు మూడు చోట్ల ఎర్ర పెన్సిలు సున్నాలు చుట్టావు. ఒకటి పొడుగు బె. మిగతా రెండూ ఆ రెండు హాచెలు. పక్కన రాశావు: 'ఈ మాటకు హాచె లేదు. ఎప్పుడూ లేదు. పాత పద్ధతిలోనూ లేదు, కొత్త పద్ధతిలోనూ లేదు.' పొరపాటు పడ్డావనుకున్నాను. తరవాత కవర్లోని మిగతా కాగితాలు తీశాను. నా ఉత్తరాలే. పోయిన నెలవి, పోయిన ఏడాదివి, నాన్న పోయిన ఏటివి. ప్రతిదాంట్లోనూ నా చేతిరాత మీద ఎర్ర సున్నాలు. 'పూలకుండీలో నీళ్లు పోశాను' అన్నచోట, 'పిల్లిని బయటికి గెంటాను' అన్నచోట. ఒకటా రెండా! లెక్కపెట్టడం మధ్యలో ఆపేశాను.

'ఎచో', అంటే 'చేసినది', అన్న మాటకు హాచె ఉంది కాబట్టి దీనికీ ఉంటుందని అత్తయ్య అనుకుంది, మనకు అలాగే నేర్పింది, ప్రెస్సులో చేరిన మొదటి వారమే ఫోర్మన్ చేత తిట్లు తిని దిద్దుకున్నానని రాశావు. మరి నాకెందుకు చెప్పలేదురా? పద్దెనిమిదేళ్లు! "నీ ఉత్తరంలో ఆ హాచె చూసినప్పుడల్లా అత్తయ్య పక్కన కూర్చున్నట్టుండేది, దిద్దబుద్ధి కాలేదు" అంటావా? నీకు అది ప్రేమ. ఇక్కడ నేను దాన్ని పిల్లల మెడలకు కట్టాను. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఈ మాట రాయకుండా ఈ ఉత్తరం ముగిస్తే నిన్ను కూడా అనుమానించడం మొదలుపెడతాను, అందుకే రాసేస్తున్నాను.

ఇప్పుడు అన్నీ తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఇస్మేనియా సరిగ్గానే రాసింది. పాదరీ సరిగ్గానే రాశాడు. ఈ ఊళ్లో ఆ మాట తెలిసినవాళ్లంతా నా దగ్గర చదవనివాళ్లే. హాచె పెట్టిన ఆ పద్నాలుగు మందికీ పెట్టమని నేర్పింది నేను. దాన్ని పట్టుకుని దొంగను వెతికాను. ఆకాశరామన్న ఎవరైనా కావచ్చు, నా దగ్గర చదివిన రెండువందల మందిలో ఎవరైనా.

ఇంకొకటి ఉంది, అది చెప్పడానికే ఇంతసేపు ఇవన్నీ రాశాను. ఆగస్టులో మెలానియా మెడలో వేసిన పలక మీద ఏ మాట ఉందో తెలుసా? ఎచార్. ఇస్మేనియా క్లాసులో నేర్చుకుని, హాచె లేకుండా, సరిగ్గా రాసింది ఆ పిల్ల. సరిగ్గా రాసినందుకు దాన్ని చలిలో నిలబెట్టాను. "హాచె లేదని సెన్యోరీత ఇస్మేనియా చెప్పింది," అని కూడా అంది పాపం. ఎదురు చెబుతావా అని గంట అయ్యాక కూడా ఇంకాసేపు ఉంచాను.

పక్క గదిలో అది నిద్రపోతోంది. గోడ పలచన, దాని దగ్గు వినిపిస్తోంది.

ఇన్‌స్పెక్టర్‌కు సంజాయిషీ సగం రాసి ఉంచాను, నాలుగు పేజీలు, నా మీద కుట్ర జరిగిందని. పొద్దున దాన్ని పొయ్యిలో వేశాను. సర్టిఫికెట్ లేని సంగతి బయటపడితే నా గతి ఏమిటో తెలియదు. ఎక్కడికి పోవాలో తెలియదు. కాని ఇక ఎవరినీ వెతకను.

ఎదెల్మిరా


లాస్ కిలాస్,
27 నవంబర్ 1927

నా ఒనోఫ్రె అన్నయ్యకు,

నీ మీద కోపం పోయింది. పూర్తిగా కాదు, కాని నీ కోసం ఉన్ని మేజోళ్లు అల్లడం మళ్లీ మొదలుపెట్టాను, దాన్ని బట్టి తెలుసుకో.

ముందుగా క్లోరిందా దగ్గరికి వెళ్లాను. వరసలో మనుషులు ఉన్న వేళ చూసుకునే వెళ్లాను. నలుగురి ముందు నింద వేసి, ఎవరూ లేనప్పుడు క్షమాపణ అడగడం న్యాయం కాదనిపించింది. "క్లోరిందా, నువ్వు రాయలేదు. నేను అన్నది తప్పు. వానలో నిలబెట్టింది కూడా తప్పే," అన్నాను. అది చేతిలో ఉన్న ఉత్తరాలకు ముద్రలు వేయడం ముగించింది. ఆఖరికి, "మా నాన్న ఉండగా చెప్పాల్సిందండీ," అంది. అంతే. బిళ్ల అతికించి నా ఉత్తరం తీసుకుంది. నేను అంతకంటే ఎక్కువ ఆశించకూడదు కదా.

ఇస్మేనియాకు ఇదంతా చెబితే ఏడ్చింది. "నేనే గట్టిగా చెప్పాల్సింది సెన్యోరీతా, భయపడ్డాను," అంది. ఆ పిల్లకు నా కుర్చీ మీద కన్ను ఉందనుకున్నాను చూడు! దానికి తాల్కాలో ఒక కుర్రాడు ఉన్నాడట, ఈ ఊరు ఎప్పుడు వదులుదామా అని రోజులు లెక్కపెడుతోంది.

గురువారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, దగ్గుతూ ఉన్న మనిషి. కొత్త స్పెల్లింగు మీద పాఠం చెప్పమని వెనక బెంచీలో కూర్చున్నాడు. హె, హోత, తోక ఇ అన్నీ చెప్పాను, పిల్లలు చక్కగా జవాబు చెప్పారు. ఆయన తలాడించి లేవబోయాడు. అక్కడితో ఊరుకుంటే గండం గడిచేదే. అయినా నల్లబల్ల మీద ఎచార్ అని రాశాను, నాకు అలవాటైనట్టే, హాచెతో.

"పిల్లలూ, దీన్ని మీకు నేర్పింది ఎవరు?"

"మీరే సెన్యోరీతా!" అని కలిసి అరిచారు.

"నేను తప్పు నేర్పాను. మీకు, మీ అక్కలకు, మీలో కొందరి అమ్మలకు కూడా తప్పే నేర్పాను. ఆగస్టులో ఒక అమ్మాయి దీన్ని సరిగ్గా రాసింది. ఆమె మెడలో పలక వేశాను. మెలానియా, నువ్వు రాసిందే రైటు."

దాన్ని లేచి వచ్చి హాచె చెరపమన్నాను. అది రాలేదు. బల్ల అంచు పట్టుకుని కిందికి చూస్తూ కూర్చుంది. బలవంతం చేయలేదు, నా అరచేత్తోనే చెరిపాను. వెనక బెంచీలో ఒకడు, "మరి మాకు పడ్డ పలకలో?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ చెక్క పలకను పొయ్యిలో వేసేస్తానని చెప్పాను. ఆ సాయంత్రమే వేసేశాను.

పిల్లలు వెళ్లాక ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "మీ నార్మల్ స్కూలు సర్టిఫికెట్ చూపించండి."

"లేదండి. మా అత్తయ్య తరవాత నేను కూర్చున్నాను. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు."

ఆయన చాలాసేపు రాసుకున్నాడు. "ఉత్తరం ఎవరు రాశారో తెలిసిందా?"

"లేదండి. తెలుసుకోవాలని కూడా లేదు. అందులో ఉన్నది నిజం."

ఆయన అప్పుడు మొదటిసారి నా ముఖంలోకి చూశాడు. తీర్పు ఇదీ: మార్చి నుంచి బడి పెద్ద ఇస్మేనియా, ఆమె బదిలీ అయ్యేదాకా. నేను జనవరిలో వచ్చే ఎండాకాలం సెలవుల్లో తాల్కాలో టీచర్ల కోర్సుకు పోవాలి. పరీక్ష పాసైతే సహాయకురాలిగా ఉంచుతారు. తప్పితే లేదు. నలభై ఒక్కేళ్ల వయసులో పిల్లల్లా బెంచీ మీద కూర్చోబోతున్నాను.

ఇంటికొచ్చేసరికి దోన్యా ఊర్సులా రొట్టెల పిండి చేతులతోనే గుమ్మంలో నిలబడి ఉంది. మెలానియా అన్నీ చెప్పేసినట్టుంది.

"లోపలికి రండి సెన్యోరీతా, కూర్చోండి. నాకు కూర్చోబుద్ధి కావడం లేదు, నిలబడే చెబుతాను," అంది. "ఆ ఉత్తరం రాసింది నేనే."

నాకు ఆమె మాట అర్థం కాలేదు. "ఏ ఉత్తరం?" అన్నాను పిచ్చిదానిలా.

"ఇన్‌స్పెక్టర్ దొరకు. మూడు రోజులు పట్టింది. ఒక్కో అక్షరం గుర్తు తెచ్చుకుని, క్లోరిందాను ఒక చుక్క సిరా అడిగి తెచ్చుకుని. ఎందుకని అది అడగలేదు, నేను చెప్పలేదు. నాకు పెద్దక్షరాలే వచ్చు కదా, వాటితోనే రాశాను."

"దోన్యా ఊర్సులా, నాతోనే అనకూడదా? రోజూ ఒకే బల్ల దగ్గర తింటున్నాం."

"అనబోయానమ్మా, రెండుసార్లు. మీరు మాట్లాడితే నా నోరు పడిపోతుంది. మీరు చదువుకున్నవాళ్లు. కాగితం మీదైతే మీరు మధ్యలో ఆపలేరు కదా."

"పేరెందుకు పెట్టలేదు?"

"పేరు పెడితే నా చేతి వంట తినడం మానేస్తారని." అలా అని పిండి చేతులతోనే కళ్లు తుడుచుకుంది, చెంపలకంతా తెల్లగా అంటింది. "బడి నుంచి గెంటమన్నాను గానీ ఇంట్లోంచి కాదు. పిల్ల ఆగస్టు నుంచి బడి మాట ఎత్తలేదు. నేనేం చేయను చెప్పండి? పుట్టి బుద్ధెరిగాక నా అంతట నేను రాసిన మొదటి ఉత్తరం అదే."

నెల రోజులు ఊరంతా వెతికాను, అన్నయ్యా. రొట్టెలవాడి నవ్వును అనుమానించాను. పాదరీని, పసిపిల్లలాంటి ఇస్మేనియాను అనుమానించాను. క్లోరిందా గుండె మీద కొట్టాను. వీళ్లందరి మధ్యా రోజూ సాయంత్రం నాకు అన్నం వడ్డించిన చెయ్యి మాత్రం నాకు కనబడలేదు. రాయడం రాదనుకుని ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. కోపం వస్తుందేమో అని నాలోకి నేను తొంగి చూసుకున్నాను. రాలేదు. సిగ్గు మాత్రం వచ్చింది.

తరవాత ఆమె కొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, ఎవరో వింటారేమో అన్నట్టు అడిగింది. "ఒక మాట చెప్పండి సెన్యోరీతా. అందులో తప్పులు ఎక్కువ ఉన్నాయా?"

"ఒక పొడుగు బె మీది," అన్నాను. "మిగతావి నావి."

జనవరి రెండున రైల్లో తాల్కా వెళుతున్నాను.

నీ చెల్లెలు,
ఎదెల్మిరా బుస్తోస్